ఫౌంటెన్స్ ఆఫ్ వేన్ రెండో ఆల్బమ్ 'యుటోపియా పార్క్‌వే': పాతవాళ్ల దగ్గర తీసుకున్నదెంత, సొంత సరుకెంత?

పాతక్యాసెట్:

ఫౌంటెన్స్ ఆఫ్ వేన్ అనే అమెరికన్ బ్యాండ్ అంటే ఇక్కడ చాలామందికి 'స్టేసీస్ మామ్' పాట ఒక్కటే తెలుసు. 2003లో వచ్చింది, అమెరికా హాట్ 100లో 21వ స్థానం దాకా ఎక్కింది, ఆ వీడియో పుణ్యమా అని వీళ్లది కామెడీ బ్యాండ్ అన్న ముద్ర పడిపోయింది. నేను మాట్లాడదామనుకుంటున్నది దానికి ముందు ఆల్బమ్ గురించి. 1999 ఏప్రిల్‌లో అట్లాంటిక్ రికార్డ్స్ విడుదల చేసిన 'యుటోపియా పార్క్‌వే', వాళ్ల రెండోది, 14 పాటలు.

1996లో మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి బ్యాండ్ అంటూ సరిగ్గా లేదు. క్రిస్ కాలింగ్‌వుడ్, ఆడమ్ ష్లెసింజర్ ఇద్దరే కూర్చుని దాదాపు అన్నీ వాయించుకున్నారు. రెండోదానికి వచ్చేసరికి గిటార్ మీద జోడీ పోర్టర్, డ్రమ్స్ మీద బ్రయన్ యంగ్ ఉన్నారు, నలుగురు కలిసి వాయిస్తే వచ్చే బరువు ఇందులోనే మొదటిసారి వినపడుతుంది.

దీని గురించి ఎక్కడ చర్చ వచ్చినా పాత బ్యాండ్ల పేర్లు చెప్పి ఒకటే గోల. ఇదిగో ఇక్కడ ద కార్స్, అదిగో అక్కడ బిగ్ స్టార్, ఇది హాలీస్, అది కింక్స్, ఇంక వీళ్లదంటూ ఏం మిగిలింది అని. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ 70ల పవర్ పాప్‌లో పాడేవాడు ఎప్పుడూ ఒక అమ్మాయి కోసం కొట్టుకుపోయే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఇక్కడ ట్యూన్ అదే, గొంతులు కలిసే తీరు అదే, పాడేవాడికి మాత్రం వయసు మీదపడుతోంది, ఊరు దాటింది లేదు. టైటిల్ పాటలో వాడు హంగుల వ్యాన్ కోసం డబ్బులు కూడబెడుతూ, ఎవరెవరి పాటలో వాయించే కవర్ బ్యాండ్‌లో ఉంటూ, ఈ ఊరికి రాజుని నేనే అనుకుంటుంటాడు, వీడికి బుద్ధి ఎప్పుడొస్తుందో వాడి ప్రియురాలికి అంతుపట్టదు. అలాంటి మాటలకి ఆ సంబరమంతా తీసుకొచ్చి పెట్టడం పాతవాళ్లెవరూ ఆల్బమ్ పొడుగునా చేసిన పని కాదని నా అభిప్రాయం. మీరేమంటారు?

లూప్‌లైన్:

అన్నా, ఆ ఆల్బమ్ నాకూ ఇష్టమే, కానీ మీరు మరీ ఎత్తేస్తున్నారు. ష్లెసింజర్‌కి పాత స్టైల్‌ని అచ్చుగుద్దినట్టు దింపడం వచ్చేది, ఒకరకంగా అదే అతని వృత్తి. 1996లో టామ్ హాంక్స్ సినిమా 'దట్ థింగ్ యూ డూ!' కోసం 1964 నాటి కుర్రాళ్లు హిట్ కొట్టారంటే నమ్మేట్టుండే పాట కావాలన్నారు, రాసిచ్చేశాడు, దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. అంత బాగా వేషం కట్టగలిగినవాడు సొంత బ్యాండ్‌కి వచ్చేసరికి రంగు కడిగేసుకున్నాడంటే ఎలా నమ్మమంటారు?

ఊరి గురించి పాడటం కూడా వీళ్లు కనిపెట్టిందేం కాదు. కింక్స్ రే డేవీస్ 60ల చివర్లోనే ఆ పని తనివితీరా చేసేశాడు.

సందేహాలపుట్ట:

అసలు పవర్ పాప్ అంటే ఏంటో ఎవరైనా చెప్తారా? పాప్ అయితే పవర్ ఎందుకు, రాక్ అయితే పాప్ ఎందుకు. నవ్వకండి ప్లీజ్, నేను ఈ సెక్షన్‌కి కొత్త.

బెజవాడ బేస్:

నవ్వడానికేం లేదమ్మా, ఆ బ్యాండ్లకే క్లారిటీ లేదు. ఆ పేరు పెట్టింది ద హూ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్. 1967లో ఒక ఇంటర్వ్యూలో మేం వాయించేది పవర్ పాప్ అన్నాడు. కానీ ఇవాళ మనం ఆ పేరుతో పిలుస్తున్నది 70ల మొదట్లో తయారైంది. అప్పటికి రాక్ అంటే పావుగంట సోలోలు, పెద్ద పెద్ద కాన్సెప్టులు. ఆ గొడవంతా మాకొద్దని కొంతమంది కుర్రాళ్లు బీటిల్స్ 1964-66 నాటి పద్ధతికి వెనక్కెళ్లారు, అంటే మూడు నిమిషాల పాట, గట్టి గిటారు, తియ్యటి ట్యూన్, పల్లవిలో రెండు మూడు గొంతులు. బ్యాడ్‌ఫింగర్ వాళ్లది 1970 పాట 'నో మేటర్ వాట్', రాస్ప్‌బెర్రీస్ వాళ్లది 1972 పాట 'గో ఆల్ ద వే', ఈ రెండూ వింటే ఇంక నిర్వచనం అక్కర్లేదు. రెండోదాంట్లో గిటార్ మొదలైన తీరు చూస్తే ఎవడో కొట్లాటకి వస్తున్నాడనిపిస్తుంది, ఎరిక్ కార్మెన్ గొంతు అందుకోగానే మొత్తం వెన్నలా కరిగిపోతుంది. ఆ రెండూ ఒకే పాటలో ఉండటమే పవర్ పాప్.

గిటార్ ఉంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు డి మేజర్ పట్టుకుని, అన్నిటికంటే సన్న తీగ మీద మూడో ఫ్రెట్‌లో చిటికెన వేలు పెడుతూ తీస్తూ కొట్టండి. వేలు పెట్టినప్పుడు డి సస్ ఫోర్, తీస్తే మళ్లీ డి. పెట్టినప్పుడు ఏదో అడగబోయి ఆగినట్టుంటుంది, తీయగానే ఊరట. సగం పవర్ పాప్ ఈ వేలు మీదే నడుస్తుంది. దీనికి తోడు పన్నెండు తీగల రికెన్‌బాకర్ గలగల. 1964లో బీటిల్స్ సినిమాలో జార్జ్ హారిసన్ చేతిలో అది చూసి బర్డ్స్ రోజర్ మెగ్విన్ తనూ ఒకటి కొనుక్కున్నాడు, ఆ తర్వాత ఈ దారిలో వచ్చిన ప్రతివాడికీ ఆ గలగల కావాల్సి వచ్చింది.

'యుటోపియా పార్క్‌వే'లో ఇవన్నీ ఉన్నాయి కాబట్టి పాతక్యాసెట్ అన్నా, లూప్‌లైన్ ఇద్దరూ తలా ఒక పక్క నుంచి లాగుతున్నారు.

మధ్యమావతి:

లూప్‌లైన్ గారూ, ఒకే రాగంలో ఎన్ని కీర్తనలు లేవు? మోహనలో కట్టిందల్లా ఇంకో మోహనకి కాపీ అంటామా? ఆ మూడు నిమిషాల కట్టడం, ఆ గొంతుల కలయిక, ఆ మేజర్ కార్డుల వెలుగు, ఇవి ఎవరి సొత్తూ కాదు. అందులో ఏ సంగతులు వేశాడన్నదే చూడాలి.

లూప్‌లైన్:

రాగం ఒకటైతే నాకేం ఇబ్బంది లేదండీ. వర్ణమెట్టు కూడా ఒకటైతేనే మాట్లాడాలి. 'స్టేసీస్ మామ్' మొదలవగానే కార్స్ వాళ్ల 1978 పాట 'జస్ట్ వాట్ ఐ నీడెడ్' గుర్తురానివాడు ఉన్నాడా? తీగల మీద అరచెయ్యి ఆనించి టక్ టక్ మని ఒకే కొట్టుడు, ఆ తర్వాత ఒక్కసారిగా బ్యాండంతా పడటం. మక్కీకి మక్కీ.

పాతక్యాసెట్:

అది మూడో ఆల్బమ్ గురూ, మనం మాట్లాడుతున్నది రెండోది. పైగా అది చాటుగా ఎత్తుకొచ్చింది కాదు, కార్స్‌కి అందరి ముందూ పెట్టిన దండం.

రెండోదాంట్లో కార్స్ వాసన ఉన్నది 'రెడ్ డ్రాగన్ టాటూ'లో, 'డెనీస్'లో. కానీ అక్కడ తీసుకున్నది ట్యూన్ కాదు, మొహంలో ఏ భావం లేకుండా జోక్ వేసే ఆ పద్ధతి. కార్స్ గాయకుడు రిక్ ఒకాసెక్ పాడుతుంటే వాడు నవ్వుతున్నాడో బాధపడుతున్నాడో తెలిసేది కాదు. 'రెడ్ డ్రాగన్ టాటూ'లో కుర్రాడు అమ్మాయి కళ్లల్లో పడాలని ఒంటి మీద డ్రాగన్ పొడిపించుకుని, ఇప్పుడు నేను కాస్త కోర్న్ బ్యాండ్‌లో వాడిలా ఉన్నాను కదా అని మురిసిపోతాడు. 1999లో రేడియో అంతా కోర్న్, లింప్ బిజ్‌కిట్, ఇంకో పక్క బ్రిట్నీ. ఆ హోరులో ఇంత మెత్తటి ట్యూన్‌లో కోర్న్ పేరు పలకడం ఒక్కటి చాలు, వీళ్లు 1974లో బతకట్లేదని తెలియడానికి.

రూట్46:

న్యూజెర్సీ నుంచి హాజరు. పార్సిప్పనీ, వేన్ చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. వేన్‌లో రూట్ 46 పక్కన 'ఫౌంటెన్స్ ఆఫ్ వేన్' అని నిజంగానే ఒక షాపు ఉండేది, ఇంటి ముందు లాన్‌లో పెట్టుకునే సిమెంటు బొమ్మలు, ఫౌంటెన్లు అమ్మేవాళ్లు, క్రిస్మస్ వస్తే పెద్ద అలంకరణ. బ్యాండ్ పేరు అక్కడి నుంచే ఎత్తారు. 2009లో షాపు మూసేశారు.

ఇక యుటోపియా పార్క్‌వే న్యూయార్క్ క్వీన్స్‌లో రోడ్డు. ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ గణేశుడి గుడికి వెళ్లని తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల అరుదు, 1977లో కుంభాభిషేకం జరిగిన గుడి, కింద క్యాంటీన్ దోసెల కోసమే వచ్చేవాళ్లు సగం మంది. అక్కడి నుంచి తూర్పుకి కాసేపు కారు నడిపితే ఈ రోడ్డు తగులుతుంది. పేరు చూసి ఏదో ఊహించుకుని వెళ్తే మాత్రం నీరసం వస్తుంది. ఇటుక ఇళ్లు, చిన్న చిన్న లాన్లు, పార్కింగ్ కోసం వెతుక్కునే కార్లు, అంతే.

ఆ పేరు ఎలా వచ్చిందో తెలిస్తే మీ వాదన ఇంకా బలపడుతుంది పాతక్యాసెట్ గారూ. 1905లో యుటోపియా ల్యాండ్ కంపెనీ అని ఒకటి, మన్‌హాటన్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో కిక్కిరిసి బతుకుతున్న యూదు కుటుంబాల కోసం అక్కడ సహకార పద్ధతిలో ఒక ఊరు కడదామని స్థలం తీసుకుంది. డబ్బులు సరిపోలేదు, ఊరు లేవలేదు. పేరు మాత్రం రోడ్డుకి మిగిలిపోయింది.

పాతక్యాసెట్:

ఇది నాకు కావాల్సిన పాయింట్ సార్, థాంక్యూ. కట్టని ఊరి పేరు మీద రోడ్డు, ఆ రోడ్డు మీద వ్యాన్ కోసం డబ్బులు కూడబెట్టే వీరుడు.

మధ్యమావతి:

అదే రోడ్డులో కళాకారుడు జోసెఫ్ కార్నెల్ ఉండేవాడు, 1929 నుంచి 1972లో పోయేదాకా, అందులో చాలాకాలం తల్లితో, తమ్ముడితో కలిసి, మామూలు చెక్క ఇంట్లో. పాత పుస్తకాల షాపుల్లో, పాత సామాన్ల దుకాణాల్లో దొరికిన బొమ్మలు, మ్యాపులు, గాజు గోళీలు, పిట్టల బొమ్మలు తెచ్చి అద్దం బిగించిన చెక్కపెట్టెల్లో అమర్చేవాడు. ఇవాళ అవి పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ పెట్టెలో ఉన్న గోళీ ఎవడు తయారుచేశాడని ఎవరూ అడగరు కదా లూప్‌లైన్ గారూ.

లూప్‌లైన్:

గోళీ పెట్టెలోకి వచ్చాక ఇంకోలా కనిపించాలి, అప్పుడు అడగను. 'డెనీస్'లో నాకు అలా కనిపించలేదు. 'హ్యాట్ అండ్ ఫీట్'లో కనిపించింది, ఒప్పుకుంటా.

శ్రావణి_వింటోంది:

'డెనీస్' మాట వచ్చింది కాబట్టి. ఆ అమ్మాయి గురించి మనకు తెలిసేది ఏంటి? లావెండర్ రంగు లెక్సస్ నడుపుతుంది, ఉండేది క్వీన్స్‌లో, వాళ్ల నాన్న టెక్సస్‌లో ఉంటాడు, ట్రావెల్ ఏజెన్సీలో ఉద్యోగం. ప్రాసలు బ్రహ్మాండం, మనిషి ఎక్కడుంది? ఇది పవర్ పాప్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎంతసేపూ కిటికీలోంచి చూసే కుర్రాడే, కిటికీ అవతల అమ్మాయికి మాట ఉండదు. నాక్ వాళ్ల 'మై షరోనా' 1979లో అమెరికాలో ఆరు వారాలు నంబర్ వన్, మళ్లీ ఒకసారి మాటలు పెట్టుకుని వినండి, ఒళ్లు జలదరిస్తుంది. ట్యూన్ బాగుంటే మనం ఎన్ని మింగేస్తామో!

అన్నట్టు 1963లోనే క్వీన్స్ కుర్రాళ్లు ర్యాండీ అండ్ ద రెయిన్‌బోస్ 'డెనీస్' అని ఒక హిట్ కొట్టారు, దాన్నే 1978లో బ్లాండీ మార్చి పాడింది. క్వీన్స్‌లో డెనీస్‌లు ఎక్కువేమో.

పాతక్యాసెట్:

శ్రావణి గారూ, పాట జోకే అది. వాడికి ఆమె గురించి తెలిసింది అంతే, కారు రంగు, పనిచేసే చోటు. అంత మాత్రానికే ప్రేమ అనుకుంటున్నాడు.

శ్రావణి_వింటోంది:

జోక్ అర్థమైందండీ. జోక్ అని తెలిసినా డెనీస్‌కి ఒక్క మాట రాలేదన్నది అలాగే ఉంటుంది. అందుకే నాకు ఆల్బమ్ మొత్తంలో 'ట్రబుల్డ్ టైమ్స్' ఎక్కువ ఇష్టం. అందులో కారు బ్రాండ్లు లేవు, ప్రాసల విన్యాసాలు లేవు. వదులుకున్న మనిషి మళ్లీ ఎప్పటికైనా దొరుకుతుందేమోనని ఒకడు తనకు తాను చెప్పుకుంటుంటాడు. పల్లవిలో రెండో గొంతు పైనుంచి వచ్చి కలుస్తుంది చూడండి, అక్కడ మొదటి గొంతు ధైర్యం చాలక రెండోదాని మీద వాలినట్టు ఉంటుంది. హాలీస్ దగ్గర, బిగ్ స్టార్ మెల్లటి పాటల దగ్గర నేర్చుకున్నదే, సందేహం లేదు. కానీ ఇలా నేర్చుకుంటే ఎవరికి అభ్యంతరం?

డ్రమ్స్‌వెనక:

ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేనే చెప్తా. ప్రభావాలు రికార్డులు విని మాత్రమే రావు, మనుషుల ద్వారా వస్తాయి. డ్రమ్మర్ బ్రయన్ యంగ్ దీనికి ముందు సియాటిల్ బ్యాండ్ ద పోసీస్‌లో వాయించాడు. ఆ పోసీస్ ఇద్దరూ, జాన్ ఆయర్, కెన్ స్ట్రింగ్‌ఫెలో, 1993లో మెంఫిస్ బ్యాండ్ బిగ్ స్టార్ మళ్లీ స్టేజి ఎక్కినప్పుడు ఆ బ్యాండ్ పాతవాళ్లు అలెక్స్ చిల్టన్, జోడీ స్టీఫెన్స్‌ల పక్కన నిలబడి వాయించినవాళ్లు. అంటే మెంఫిస్ నుంచి సియాటిల్ మీదుగా న్యూయార్క్‌కి సరుకు చేతులు మారుతూ వచ్చింది.

ఇంకోటి. 2009లో ష్లెసింజర్ 'టింటెడ్ విండోస్' అని సరదాకి ఒక బ్యాండ్ పెట్టాడు. పాడింది హ్యాన్సన్ టేలర్, గిటార్ స్మాషింగ్ పంప్‌కిన్స్ జేమ్స్ ఇహా, డ్రమ్స్ చీప్ ట్రిక్ బన్ ఈ కార్లోస్. చిన్నప్పుడు ఎవరి రికార్డులు అరిగిపోయేలా విన్నాడో వాళ్లలో ఒకడిని తెచ్చి తన వెనక కూర్చోబెట్టుకున్నాడు. కాపీకొట్టేవాడు ఆ ధైర్యం చేయడు.

డ్రమ్స్ సంగతికి వస్తే, ఈ ఆల్బమ్‌లో యంగ్ ఎక్కడా ప్రతాపం చూపించడు. పాట ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ చెయ్యి ఆపుతాడు. కొత్తగా డ్రమ్స్ నేర్చుకునే పిల్లలకి నేను వినమని చెప్పే ఆల్బమ్‌లలో ఇదొకటి, ఒక్కరూ వినరు.

బెజవాడ బేస్:

రెండో ఆల్బమ్ అనేది ఈ పవర్ పాప్ బ్యాండ్లకి ఒక గండం, ఎవరైనా గమనించారా? బిగ్ స్టార్ 'రేడియో సిటీ' 1974, రెండోదే. అందులోనే 'సెప్టెంబర్ గర్ల్స్' ఉంది, ఈ మొత్తం వంశానికి అది గాయత్రి లాంటిది, కానీ స్టాక్స్, కొలంబియా కంపెనీల మధ్య పంపిణీ తగువులో రికార్డులు షాపులకే సరిగ్గా చేరలేదు. చీప్ ట్రిక్ 'ఇన్ కలర్' 1977, అదీ రెండోదే. 'ఐ వాంట్ యూ టు వాంట్ మీ' స్టూడియోలో మెత్తగా, పియానోతో, ఏదో పాత నాటకాల హాల్లో పాటలా ఉంటుంది. బ్యాండ్‌కే నచ్చలేదు. టోక్యో బుడోకాన్ హాల్లో జపాన్ అమ్మాయిల కేకల మధ్య అదే పాట గట్టిగా వాయిస్తే 1979లో అమెరికాలో ఏడో స్థానానికి వెళ్లింది. నాక్ వాళ్ల రెండో ఆల్బమ్ 1980, మొదటిదాని వెలుగులో పావు వంతు కూడా లేదు. జెల్లీఫిష్ 'స్పిల్ట్ మిల్క్' 1993, అద్భుతం, వెంటనే బ్యాండ్ విడిపోయింది. ఒక్క బ్యాంగిల్స్‌కి మాత్రం రెండోదే కలిసొచ్చింది, 1986లో 'డిఫరెంట్ లైట్', అందులో 'సెప్టెంబర్ గర్ల్స్' కూడా పాడారు, పాపం చిల్టన్ పాటకి జనం కాస్త ఎక్కువగా దొరికింది అప్పుడే.

ఫౌంటెన్స్ వాళ్లకీ అదే గండం. 'యుటోపియా పార్క్‌వే'కి రివ్యూలు బాగానే వచ్చాయి, అమ్మకాలు లేవు, కంపెనీ వదిలించుకుంది. తర్వాత నాలుగేళ్లు ఆల్బమ్ లేదు. మూడోది హిట్టయ్యాక గ్రామీ వాళ్లు 'ఉత్తమ కొత్త కళాకారులు' విభాగంలో నామినేట్ చేశారు, ఏడేళ్ల తర్వాత, మూడో ఆల్బమ్‌కి కొత్తవాళ్లట!

సందేహాలపుట్ట:

బాబోయ్, ఇన్ని పేర్లు రాసుకునేసరికి పేజీ నిండింది. మొత్తం ఆల్బమ్ దొరికే లింక్ ఎవరైనా ఇస్తారా?

మోడరేటర్:

డౌన్‌లోడ్ లింకులు అడగొద్దు, ఇవ్వొద్దు. మామూలు స్ట్రీమింగ్ యాప్‌లలో వెతికితే దొరుకుతుంది. చర్చ బాగా నడుస్తోంది, నాతో తాళం వేయించకండి.

రూట్46:

'లేజర్ షో' గురించి ఒక ముక్క. కనెటికట్ ఊళ్లు బ్రిడ్జ్‌పోర్ట్, వెస్ట్‌పోర్ట్, డేరియన్‌ల నుంచి పిల్లలంతా బయల్దేరి న్యూయార్క్ హేడెన్ ప్లానెటోరియంకి లేజర్ షో చూడ్డానికి వస్తారు, వెనక్కి వాలి నక్షత్రాలు చూస్తూ మెటాలికా వింటారు, మెటాలికా నలుగురి పేర్లూ వరసగా పాటలో వస్తాయి. వినడానికి అప్పటికప్పుడు జరుగుతున్నట్టే ఉంటుంది. కానీ ఆల్బమ్ వచ్చిన 1999 ఏప్రిల్ నాటికి ఆ ప్లానెటోరియం లేదు. పాతదాన్ని 1997 జనవరిలో మూసి కూల్చేశారు, కొత్తది 2000 ఫిబ్రవరిలో తెరిచారు. అంటే పాట విన్నవాళ్లు ఆ వారాంతం వెళ్దామనుకుంటే అక్కడ కట్టుబడి పనులు తప్ప ఏమీ లేవు.

ఇంత హుషారు పాట నిజానికి పోయినదాని గురించి. పాతక్యాసెట్ గారు చెప్పిన సంబరపు ట్యూన్, కింద దిగులు అన్నది ఇక్కడ మాటల్లో కూడా కనపడదు, క్యాలెండర్ చూస్తే తప్ప.

లూప్‌లైన్:

ఇది బాగుంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

కానీ ఒకటి అడుగుతా. కింక్స్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. 'ఎ ఫైన్ డే ఫర్ ఎ పరేడ్' వినండి, చిన్న ఊరు, చిన్న జీవితం, దూరం నుంచి కాస్త జాలి, కాస్త ఎకసెక్కం. రే డేవీస్ ఎక్కడైతే కూర్చుని చూసేవాడో సరిగ్గా అదే కుర్చీ. తేడా ఏంటంటే డేవీస్‌కి ఆ మనుషుల మీద కోపం కూడా వచ్చేది, వీళ్లకి రాదు. 'ద వ్యాలీ ఆఫ్ మాల్స్'లో ఊరంతా షాపింగ్ మాల్స్ అయిపోయిందని పాడుతున్నప్పుడు కూడా కోపం లేదు, గిటార్ ఒక్కటే గట్టిగా ఉంది. అందుకే నాకు ఈ ఆల్బమ్ ఎంత విన్నా ఎక్కడో మర్యాద ఎక్కువైందనిపిస్తుంది.

శ్రావణి_వింటోంది:

మర్యాద కాదు, వాళ్లూ ఆ మనుషుల్లో ఒకళ్లే కాబట్టి కోపం రాదు. మాల్ మీద కోప్పడాలంటే మాల్‌కి వెళ్లనివాళ్లు అయ్యుండాలి. కూకట్‌పల్లిలో ఉంటూ కూకట్‌పల్లి ట్రాఫిక్‌ని తిట్టేవాళ్లం మనం, ఆ ట్రాఫిక్‌లో మన బండి కూడా ఉంటుంది.

కోపం కావాలంటే 'ప్రామ్ థీమ్' వినండి. స్కూల్ చివరి రాత్రి, డ్యాన్సు, బీచ్, అద్దెకి తెచ్చుకున్న సంతోషమంతా, వెనకాల తీగవాద్యాలు పెళ్లి సినిమాలోలా. అలా తియ్యగా పోతూ పోతూ, ఇంకొన్నాళ్లకి అందరం విడిపోతాం, ఆ తర్వాత చచ్చేదాకా పనిచేస్తాం అని ఏమాత్రం గొంతు మార్చకుండా పాడేస్తాడు. నేను మొదటిసారి విన్నప్పుడు సరిగ్గా విన్నానా అని వెనక్కి జరిపాను. దానికంటే కోపం ఏం కావాలి?

మధ్యమావతి:

శ్రావణి గారి పాయింట్‌కి ఒక మాట కలుపుతాను. ఇద్దరిలో ఏది ఎవరు రాశారో కవరు చూస్తే తెలియదు. బీటిల్స్ లెనన్, మెకార్ట్‌నీ పద్ధతిలోనే ఎవరు రాసినా అన్ని పాటలకీ ఇద్దరి పేర్లూ వేసుకున్నారు. మసాచుసెట్స్‌లో విలియమ్స్ కాలేజీలో చదువుకునేటప్పుడు కలిసినవాళ్లు, అప్పటి నుంచి ఒకరి పాట ఇంకొకరికి వినిపించుకుంటూ పెరిగారు. పాతవాళ్ల నుంచి ఈ అలవాటు కూడా తీసుకున్నారు, దీని గురించి ఎవరూ కాపీ అనరు.

డ్రమ్స్‌వెనక:

ష్లెసింజర్ 2020 ఏప్రిల్ 1న కోవిడ్‌తో పోయాడు, 52 ఏళ్లు. 2016లో 60ల నాటి బ్యాండ్ మంకీస్ యాభయ్యేళ్ల ఆల్బమ్ 'గుడ్ టైమ్స్!' ప్రొడ్యూస్ చేసింది అతనే. లూప్‌లైన్ మొదట్లో అన్న వేషం మాటకి నా జవాబు అదే. అసలు వేషం కట్టినవాళ్లే వచ్చి మాకు నువ్వు కావాలన్నారంటే, అతను చేసేది వేషం కాదని వాళ్లకి తెలిసే ఉంటుంది.

లూప్‌లైన్:

అన్నా, మంకీస్‌ని పెట్టిందే టీవీ షో కోసం, వాళ్లని సాక్ష్యానికి పిలుస్తారేంటి? సరే, మనిషి మీద నాకు గౌరవం లేదని కాదు. అంత తొందరగా పోవాల్సినవాడు కాదు.

పాటల వరస గురించి మాట్లాడదాం. 14 పాటలు ఎక్కువ. 'గో, హిప్పీ' తీసేస్తే ఎవరికైనా నష్టమా? 70ల పవర్ పాప్ ఆల్బమ్‌లు ఎల్పీకి రెండు పక్కలా సరిపడా కొలిచినట్టుండేవి, సీడీ వచ్చాక చోటుంది కదా అని కూరడం మొదలైంది.

పాతక్యాసెట్:

'గో, హిప్పీ' తీసేస్తానంటే నేను ధర్నాకి కూర్చుంటా. 'ట్రబుల్డ్ టైమ్స్' తర్వాత ఆ బరువు దింపడానికి అలాంటి బద్ధకపు పాట ఒకటి ఉండాలి. తీసేయాలంటే 'లాస్ట్ ఇన్ స్పేస్' తీయండి.

డ్రమ్స్‌వెనక:

'లాస్ట్ ఇన్ స్పేస్' జోలికి రావద్దు. ఆల్బమ్‌లో డ్రమ్స్ కాస్త గాలి పీల్చుకునేది అక్కడే.

సందేహాలపుట్ట:

యాప్‌లో దొరికింది, నిన్న ఆఫీసు క్యాబ్‌లో పూర్తిగా విన్నాను. 'హ్యాట్ అండ్ ఫీట్' రిపీట్‌లో పెట్టేశాను, కార్టూన్లలో పైనుంచి బరువేదో పడి మనిషి అణిగిపోయి టోపీ, పాదాలు మాత్రమే మిగులుతాయి చూడండి, అలా అయిపోయానని పాడుతుంటే నవ్వొచ్చింది, తర్వాత అప్రైజల్ రోజు గుర్తొచ్చింది. 'ఇట్ మస్ట్ బి సమ్మర్' కూడా నచ్చింది. మీరందరూ కొట్టుకుంటున్న 'గో, హిప్పీ' మాత్రం నేను స్కిప్ చేశాను, సారీ పాతక్యాసెట్ గారూ.

తర్వాత ఏది వినాలి? బిగ్ స్టార్ అంటున్నారు కదా, మొదటిదా రెండోదా?

బెజవాడ బేస్:

రెండోది. కవర్ మీద ఎర్ర రంగు సీలింగ్, మధ్యలో ఒక బల్బు ఉంటుంది, విలియం ఎగుల్‌స్టన్ తీసిన ఫోటో, దాన్ని బట్టి గుర్తుపట్టవచ్చు.

లూప్‌లైన్:

మొదటిది. క్రిస్ బెల్ పూర్తిగా ఉన్నది అందులోనే, అతను లేకుండా బిగ్ స్టార్ గురించి మాట్లాడటం దండగ.

మోడరేటర్:

బిగ్ స్టార్ మొదటిదా రెండోదా అన్నదానికి వేరే థ్రెడ్ ఉంది, పోయిన ఏడాది మీ ఇద్దరి వల్లే తాళం పడింది. కావాలంటే తెరుస్తాను, అక్కడికి వెళ్లి తేల్చుకోండి.